కొలతల చీటీలో రాయకూడని మాటలు

జూన్ 3, మంగళవారం

లాయరుగారి చేతికి వెళ్ళకూడని చీటీ వెళ్ళింది.

మా కొట్లో ప్రతి కోటుకూ రెండు చీటీలుంటాయి. తేదీ, బట్ట రంగు రాసింది కస్టమరుకు. ఒంటి కొలతలు రాసింది నాకు. దాన్ని బట్టకే గుండుసూదితో గుచ్చి పెడతాం. కటింగ్ మాస్టరుగా నేను చేరినప్పటి నుంచీ ఇదే పద్ధతి, ఎన్నడూ తేడా రాలేదు. ఇవాళ, బొత్తాలకు కాజాలు కుట్టే మా కాజాలక్క కౌంటరు దగ్గర కూర్చుని, ఒక చెవికి ఫోను ఆనించుకుని, నా చీటీ తీసి ఆయనకిచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కోర్టులో సాక్ష్యం చదివినట్టు గట్టిగా చదివాడు.

"పొట్ట బాన. ఎడమ భుజం జారుడు. గూని మొదలైంది. పిర్ర లేదు."

మిషన్ల మీద ఉన్న ముగ్గురూ తొక్కడం ఆపేశారు. ఆయన ఒక్కడే వచ్చి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. పక్కన భార్య ఉంది. ఆవిడ చీటీ అందుకుని మళ్ళీ చదివింది. ఆయన వెనక్కి వెళ్ళి ఒకసారి చూసింది. ఆ తర్వాత గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు తగ్గాక "అన్నీ నిజాలేనండీ" అంది.

చీటీ చేసిన నష్టం చెంచాడు. ఆ నవ్వు చేసింది బిందెడు.

జూన్ 4, బుధవారం

లాయరుగారి దగ్గర్నుంచి రెండు పేజీల ఉత్తరం. పరువు, ప్రతిష్ఠ, మానసిక క్షోభ అన్నీ ఉన్నాయి. పిర్ర అన్న మాట మాత్రం ఎక్కడా రాయలేదు. "సదరు చీటీలోని నాలుగవ అంశం" అని రాశాడు, మూడుసార్లు.

ఆయన లాయర్ల సంఘానికి కార్యదర్శి. ఏటా కొత్తగా వచ్చే లాయర్లకు నల్లకోట్లు మా కొట్లోనే కుట్టిస్తారు. మిగతా పదకొండు నెలలూ మేం బతికేది ఆ ఒక్క ఆర్డరు మీదే. చీటీ రాసిన మనిషి పది రోజుల్లో స్వయంగా క్షమాపణ పత్రం రాసివ్వాలట. లేదంటే ఆర్డరు చౌరస్తాలో కొత్తగా తెరిచిన రెడీమేడ్ షాపుకు వెళ్తుందట.

డాక్టరు రాస్తే రిపోర్టు. నేను రాస్తే అవమానం. నేను ఎవర్నీ నొప్పించే రకం కాదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ, అంతే.

జూన్ 5, గురువారం

అమ్మాయిగారు మీటింగు పెట్టింది. అమ్మాయిగారంటే మా కొట్టు ఓనరు పెద్దాయన కూతురు. ఆయనకు మోకాళ్ళు అరిగిపోయి శనివారం ఒక్కపూట మాత్రమే వస్తున్నాడు. రెండు నెలలుగా కొట్టు ఈమే చూస్తోంది. చదువుకున్న పిల్ల. మనిషి మంచిదే.

మనిషి ముఖం మీద అనలేని మాట చీటీ మీద కూడా రాయకూడదంది. నేను ముఖం మీద కూడా అంటానన్నాను. ఆమె కాసేపు నా వైపే చూసి, అయితే అది ఇంకా పెద్ద సమస్య అంది.

అంకెలు మాత్రమే రాయొచ్చు కదా అని అడిగింది. అంకెలతో కోటు రాదని చెప్పాను. ఛాతీ నలభై రెండు ఉన్నవాళ్ళు ఊరంతా ఉంటారు. ఒకడి నలభై రెండు ముందుకుంటుంది, ఇంకొకడిది వీపు మీద ఉంటుంది. గూని రాయకపోతే కాలరు మెడ దిగి ఎక్కడో నిలబడుతుంది. పిర్ర లేదని రాయకపోతే కోటు వెనకభాగం ఖాళీ సంచిలా వేలాడుతుంది. ఆమె అన్నీ శ్రద్ధగా రాసుకుంది. ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి. రాసుకున్నాక, "అయితే మాటలు ఉండాల్సిందే. గౌరవమైన మాటలు వెతుకుదాం మాస్టారూ" అంది.

లేవబోతుంటే ఇంకో ముక్క కూడా అంది. అది అంత ముఖ్యమైనది కాదు కాబట్టి రాయడం లేదు.

జూన్ 6, శుక్రవారం

గౌరవమైన మాటల జాబితా తయారైంది. కటింగ్ బల్లకు ఎదురుగా గోడ మీద అంటించారు. సగం అమ్మాయిగారు వెతికినవి, సగం కాజాలక్క అక్కడికక్కడ కల్పించినవి.

పొట్ట బానలా ఉంటే ఉదర సమృద్ధి. భుజం జారితే భుజ వైవిధ్యం. గూని ఉంటే వినయ భంగిమ. దొడ్డికాళ్ళకు విశాల నడక. పిర్ర లేనివాళ్ళకు నిరాడంబర ఆసనం. మెడ లేకుండా తల నేరుగా భుజాల మీదే కూర్చున్నవాళ్ళకు ఏం రాయాలో ఎవరికీ తోచలేదు. కాజాలక్క సూదిలో దారం ఎక్కిస్తూ "సన్నిహిత శిరస్సు" అంది. అమ్మాయిగారు అదీ రాసేసింది. అది వేళాకోళమని ఆమెకు తెలియలేదో, తెలిసే రాసిందో నాకు అంతుపట్టలేదు.

మధ్యాహ్నం మిషన్ మీద ఉన్న ఒకతను లేచి వచ్చి భుజ వైవిధ్యం అంటే ఎడమదా, కుడిదా అని అడిగాడు. జాబితాలో అది లేదు.

జూన్ 7, శనివారం

పెద్దాయన వచ్చాడు. ఎప్పటిలాగే గుమ్మంలోంచే "ఏరా కుంటీ, ఎవడి పిర్ర మాయం చేశావురా" అని పలకరించాడు. అందరం నవ్వాం. నేనే ముందు నవ్వాను. అమ్మాయిగారు నవ్వలేదు. "నాన్నా" అని ఊరుకుంది.

ఆదివారం కూర్చుని క్షమాపణ రాయాలి.

జూన్ 8, ఆదివారం

మొదటిది: "గౌరవనీయులైన లాయరుగారికి, మీకు పిర్ర లేదని రాసినందుకు చింతిస్తున్నాను. మరల పరిశీలించగా ఉన్నట్లు తెలిసినది." కొట్టేశాను. పరిశీలించలేదు కాబట్టి అబద్ధం అవుతుంది.

రెండోది: "పిర్ర ఉన్నా, లేకపోయినా మీరంటే నాకు ఒకే గౌరవము."

మూడోది: "చీటీలో ఉన్నవి కొలతలే గాని నా అభిప్రాయములు కావు. కొలతలు మాత్రం సరియైనవే."

మూడోది నాకు నచ్చింది. మా ఆవిడకు చదివి వినిపించాను. చేస్తున్న పని ఆపకుండానే వింది. క్షమాపణ అడగమంటే తీర్పు చెబుతున్నారేమిటి అంది.

జూన్ 9, సోమవారం

మూడూ అమ్మాయిగారికిచ్చాను. బల్ల మీదున్న అస్తరు గుడ్డ తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది. దగ్గిందో నవ్విందో తెలియదు. ఇంకోసారి ప్రయత్నించమంది.

గురువారం రాయనన్న ముక్క రాసేస్తాను. లేకపోతే అదేదో పెద్ద విషయమని నేనే అనుకుంటున్నట్టు ఉంటుంది. కస్టమర్ల ఒంటి గురించి జాగ్రత్త పడుతున్నప్పుడు, మీ గురించి కూడా జాగ్రత్త పడాలి కదా మాస్టారూ అంది. ఇకనుంచి కొట్లో ఎవరూ నన్ను కుంటి మాస్టరు అనకూడదట.

అవసరం లేదన్నాను. నా కుడికాలు ఎడమదానికంటే అంగుళమున్నర పొట్టి. మూడో ఏట జ్వరం వచ్చినప్పటి నుంచీ అంతే. కొలతంటే కొలత. వీధంతా అలాగే పిలుస్తారు, నేనూ పలుకుతాను. నాకేమీ బాధ లేదు.

ఆమె రూలు పెట్టేసింది. పెట్టుకోనీ. నాకేమీ బాధ లేదని ముందే చెప్పాను.

జూన్ 10, మంగళవారం

రిటైరైన పోలీసు అధికారి కోటు కోసం వచ్చాడు. ఇప్పుడు చీటీలు దాచడం లేదు, ఎవరైనా చూసుకోవచ్చు, అది కూడా కొత్త రూలే. ఆయన చూసుకున్నాడు. వినయ భంగిమ అని చదివి ముఖం ఎర్రగా చేసుకుని, తాను ఎవరి ముందు వినయంగా నిలబడ్డాడో చెప్పమన్నాడు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో పై అధికారికే వంగలేదట. అది అభినందన అని చెప్పి చూశాను. అభినందన నీ దగ్గరే పెట్టుకో అన్నాడు. ఇక లాభం లేక దాని అర్థం గూని అని చెప్పేశాను.

వెంటనే చల్లబడ్డాడు. "ఆ ముక్క రాయొచ్చు కదయ్యా. అది గుర్రం మీంచి పడ్డప్పటిది" అన్నాడు. గుర్రం రంగు దగ్గర్నుంచి మొదలుపెట్టి అరగంట చెప్పాడు.

ఆయన వెళ్ళాక పచారీ కొట్టాయన వచ్చి తన చీటీలో ఉదర సమృద్ధి చూసుకుని మురిసిపోయాడు. ఇంకో కాపీ రాసిమ్మన్నాడు, వాళ్ళావిడకు చూపించాలట.

ఎవరికి ఏ మాట గుచ్చుకుంటుందో గోడ మీద అంటించిన కాగితానికి ఎలా తెలుస్తుంది?

జూన్ 12, గురువారం

ఇవాళ నేను చచ్చిపోయాను.

మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే కుట్టించుకునే పాత కస్టమరు వచ్చి, కుంటి మాస్టరు ఉన్నాడా అని అడిగాడట. కాజాలక్క కొత్త రూలు ప్రకారం, ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరండీ అని చెప్పిందట. ముఖం గంభీరంగా పెట్టి చెప్పి ఉంటుంది. రూలు పాటించేటప్పుడు ఆమె ముఖం అలాగే ఉంటుంది. ఆయన "అయ్యో, ఎప్పుడు?" అన్నాడట. పోయిన గురువారం నుంచి అని ఈమె చెప్పిందట.

మూడు గంటలకల్లా టీ కొట్టతను తలుపు దగ్గరకొచ్చి కటింగ్ బల్ల వెనక నన్ను చూసి గ్లాసులు కింద పడేసుకున్నాడు. నాలుగింటికి చెప్పుల షాపాయన దండతో వచ్చాడు. దండ వెనక్కి తీసుకెళ్ళడం బాగుండదని నాకే ఇచ్చి వెళ్ళాడు.

ఇంటికెళ్తే మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. పక్కింటావిడ ఏడుస్తూ వచ్చిందట, కుంటి మాస్టరు పోయాడటగా అని. నువ్వు భయపడ్డావా అని అడిగాను.

"ఆ మాట వింటే మీరని నాకు చప్పున తట్టదు. ఎవరో పాపం అనుకున్నా" అంది.

నా చేతిలో దండ అందుకుంటూ ఎప్పటిదో సంగతి చెప్పింది. పెళ్ళికి ముందు వాళ్ళ నాన్న మా వీధికొచ్చి నా గురించి వాకబు చేశాడట. మనిషి మంచివాడు, పని వచ్చు, కుంటి మాస్టరు అని అందరూ చెప్పారట. అసలు పేరేమిటంటే ఒక్కరికీ తెలియలేదట. ఇంటికి తిరిగొచ్చి, అబ్బాయి మంచివాడేనే, పేరు మాత్రం లేదు అన్నాడట.

ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీకు బాధ లేదంటారుగా ఎప్పుడూ" అంది.

లేదు కాబట్టే అంటాను.

దండ కిటికీకి తగిలించింది. వాసన బాగుంది.

జూన్ 13, శుక్రవారం

గడువు రేపటితో అయిపోతుంది. క్షమాపణ ఇంకా కుదరలేదు. పన్నెండు గంటలకు, మిషన్ల వాళ్ళు భోజనానికి వెళ్ళిన సమయం చూసుకుని, లాయరుగారు తానే వచ్చాడు. ఒక్కడే. తన పాత కోటు ఒకటి సంచిలో పెట్టుకొచ్చాడు. ట్రయల్ గదిలోకి రమ్మని నన్ను పిలిచి పరదా లాగేశాడు.

గొడవకే వచ్చాడనుకున్నాను. కోటు తొడుక్కుని అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి వెనక్కి చూసుకోవడానికి నానా తంటాలు పడ్డాడు. అప్పుడడిగాడు.

"నిజంగా లేదా?"

ఏమిటని నేను అడగలేదు. కొద్దిగానే ఉందండీ, ముప్పై ఏళ్ళు కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా అంతే అన్నాను. ఎడమ భుజం సంగతి కూడా చెప్పాను. ఫైళ్ళ సంచి ఎప్పుడూ అటే తగిలించుకుంటారు, దానివల్ల జారింది, పుట్టుకతో వచ్చింది కాదు. కొత్త కోటు లోపల పలచగా దూది ప్యాడు పెట్టి రెండు భుజాలూ సమం చేస్తాను, ఎవరికీ తెలియదన్నాను. ఆయన బల్ల మీద కూర్చున్నాడు.

కోర్టులో అందరూ తన వెనకే కూర్చుంటారని, ఇన్నేళ్ళూ తన వాదన వింటున్నారనుకున్నానని అన్నాడు. ఇప్పుడు లేచి నిలబడితే వాదన మరిచిపోతున్నాడట. ఇంట్లో ఇంకా ఘోరం. ఆయన వంటగదిలోంచి హాల్లోకి నడిస్తే భార్య "అదుగో, నాలుగవ అంశం వెళ్తోంది" అంటోందట. మనవడు కూడా నేర్చుకున్నాడట.

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఆపుకోవడం ఆయన చూశాడు.

"నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వుతూనే ఉన్నాను" అన్నాడు. "నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారు కదా. మనమే ముందు నవ్వేస్తే వాళ్ళకు ఏమీ మిగలదు."

నేను ఆయన వీపు కొలుస్తున్నాను. టేపు మీద అంకె చూశాను, చదివాను, మరిచిపోయాను. మళ్ళీ కొలిచాను. మళ్ళీ మరిచిపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళలో నాకిలా ఎప్పుడూ జరగలేదు.

చివరికి నా నోట వచ్చింది, ఏ కాగితం మీదా రానిది. "అది మీరు చదవాల్సి రావడం నా తప్పండీ. మీ ఇంటావిడ ముందు చదవాల్సి రావడం ఇంకా పెద్ద తప్పు. క్షమించండి." అంతే. కొలతలు సరైనవేనని అనలేదు.

ఆయన తల ఊపాడు. కాగితం అక్కర్లేదన్నాడు. సంఘం ఆర్డరు ఎప్పటిలాగే మాకేనట. పరదా తీసి బయటికెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఇకనుంచి తన చీటీలో ఏం రాస్తారని అడిగాడు. మీరే చెప్పండన్నాను. ఆలోచించి, "భుజం జారుడు అని రాయండి, అది వృత్తి వల్ల వచ్చింది కాబట్టి. నాలుగవ అంశం గుర్తుపెట్టుకోండి, రాయకండి" అన్నాడు.

అమ్మాయిగారికి చెప్పాను. ఆమె గోడ మీది జాబితా తీసేసింది. మనిషినే అడిగి రాయడం అన్నిటికంటే తేలిక కదా మాస్టారూ అంది. ముందే తోచి ఉంటే నాకు దండ పడేది కాదు.

ఇంటికి మామూలు దారిలో రాలేదు. కాలవ గట్టు వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చాను. కాలు నొప్పి పెట్టింది.

జూన్ 14, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండింటికి పెద్దాయన వచ్చాడు. చేతికర్ర గోడకు ఆనించి కుర్చీలో కూర్చున్నాడు. లాయరు గొడవ తీరిందని తెలిసి మంచి ఊపు మీద ఉన్నాడు. "ఏరా కుంటీ, గట్టెక్కించావటగా" అన్నాడు.

"అలా పిలవకండి" అన్నాను.

ఎవరన్నారా అని నేనే చుట్టూ చూశాను. కాజాలక్క సూది గుడ్డలోనే ఆగిపోయింది. పెద్దాయన కూతురి వైపు తిరిగాడు. ఇది నువ్వు నేర్పిన ముక్కేనా అన్నాడు. ఆమె కాదంది.

"నాదేనండీ" అన్నాను.

"ముప్పై ఒక్క ఏళ్ళు పలికావు కదరా."

"పలికాను."

"నవ్వేవాడివి కూడా."

"నవ్వేవాణ్ణి."

ఆయన కళ్ళజోడు తీసి పంచెకు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు. బాధగా ఉండేదా అని అడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు నా నాలుక మీద ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ పుస్తకంలోనే ఎన్నిసార్లు రాశానో. ఇవాళ అది రాలేదు.

"మొదటి రోజు నుంచీ" అన్నాను.

 ఆయన కర్ర పట్టుకుని లేచి, నా బల్ల దాకా నడిచి వచ్చాడు. ఆ మోకాళ్ళతో నా బల్ల దాకా రావడమే పెద్ద పని. పొరపాటైంది, ఇకనుంచి పేరు పెట్టే పిలుస్తాను అన్నాడు. చెయ్యి నా భుజం మీద వేసి, గొంతు సవరించుకుని, ఎంతో ఆప్యాయంగా పేరు పెట్టి పిలిచాడు.

అది నా పేరు కాదు.

నాకంటే ముందు ఇక్కడ పనిచేసి వెళ్ళిపోయిన మాస్టరు పేరు. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. పలుకుదామనే అనుకున్నాను. నాది కాని మాటకు పలకడం నాకు అలవాటే. కానీ ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో ఆపడం కష్టం.

"అది పాత మాస్టరు పేరండీ" అన్నాను.

 "మరి నీదేమిటి?" అన్నాడు పెద్దాయన. అమ్మాయిగారు గబగబా హాజరు పుస్తకం తీసి చూసింది. అందులో కటింగ్ మాస్టరు అని ఉంది. నేనే చెప్పాను. అందరి ముందూ గట్టిగా నా పేరు నేనే చెప్పుకోవడం, బడిలో చేరిన రోజు తర్వాత మళ్ళీ ఇదే. పెద్దాయన రెండుసార్లు పలికి చూసుకున్నాడు. మొదటిసారి ఒక అక్షరం తప్పింది. రెండోసారి సరిగ్గా వచ్చింది. నేను "చెప్పండి" అన్నాను. ఆయనకు చెప్పడానికి ఏమీ లేదు. వెళ్ళి కూర్చున్నాడు.

కాజాలక్క నవ్వు ఆపుకోలేక కింద పడ్డ దారపు ఉండ వెతుకుతున్నట్టు బల్ల కిందకు దూరింది. ఎందుకు నవ్వుతున్నావన్నాను. నా పేరు తనకూ ఇవాళే తెలిసిందని బల్ల కిందనుంచే చెప్పింది. నాకు రోషం వచ్చింది. పంతొమ్మిదేళ్ళు నా పక్కన కూర్చుని నా పేరు తెలుసుకోలేదా అని అడిగాను.

ఆమె తల బయటపెట్టింది.

"మరి నా పేరేంటి మాస్టారూ?"

కొట్టంతా నా వైపు చూసింది. నేను కత్తెర వైపు చూశాను.

"కాజాలు కుడతాను కాబట్టి కాజాలన్నారు, సరే" అంది. "అక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను మీకంటే ఎనిమిదేళ్ళు చిన్నదాన్ని. మీరు అక్కా అన్నప్పటి నుంచీ వీధిలో ముసలాళ్ళు కూడా అక్కా అంటున్నారు."

గౌరవంగానే అన్నానన్నాను. అందరూ అదే అంటారంది. బాధగా ఉండేదా అని నేను అడగలేదు. అప్పుడే ఒకరికి జవాబిచ్చి ఉన్నాను కాబట్టి అడిగే ధైర్యం లేకపోయింది. పేరు మాత్రం అడిగాను.

చెప్పింది. రెండే అక్షరాలు. కాజాలక్క అనడం కంటే చాలా తేలిక. పంతొమ్మిదేళ్ళు అనవసరంగా కష్టపడ్డాను.